ఇంజను ఎవరు దించవలెను?

కొయ్యూరు నుండి చింతపల్లి వైపు పోవు దారిలో, కొండ మలుపులు మొదలైన కొంత దూరమునకు, గడచిన మార్గశిరములో ఒక సాయంకాలము నా కారు ఆగిపోయినది. ఆగుట అన్న మాట చాలదు. మొదట వేడిని చూపు ముల్లు ఎర్రగీతను తాకినది. నేను దానిని చూచినాను. చూచి కూడ, ఈ ఒక్క మలుపు ఎక్కినచో పైన చదును నేల వచ్చునుగదా, అక్కడ నిలుపుదములే అనుకొన్నాను. మలుపు ఎక్కినది. ఆ వెంటనే ఇంజను లోపల ఎవరో రోకటితో రాతిని మోదినట్లు నాలుగు దెబ్బలు వినవచ్చినవి. పిమ్మట ఏ చప్పుడును లేదు. మూత ఎత్తగా లేచిన ఆవిరికి నా కళ్లజోడు మసకబారి, ఏమి చెడినదో చూచుటకు కూడ వీలులేకపోయినది.

దారిన పోవు లారీ ఏదైన దొరకునని పిట్టగోడ మీద కూర్చున్నాను. ఈ కొండదారులకు ఒక చరిత్ర ఉన్నది; మేము బడిపిల్లలకు ఏటేట చెప్పునదే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అనువాడు రోడ్డు పనులకు మన్యము వారిని బలవంతముగా దింపి, కూలి సరిగా ఇయ్యక పీడించుట 1922 నాటి తిరుగుబాటునకు కారణములలో ఒకటి. ఆ తిరుగుబాటును నడపిన అల్లూరి సీతారామరాజు 1924 మే 7వ తేదీన మా కొయ్యూరులోనే తుపాకిగుండ్లకు బలియైనాడు. అంతమంది చెమటతో తెగిన దారి మీద, ముల్లు ఎర్రగీతను తాకుట చూచి కూడ బండి నడపిన ఘనుడను నేను. ఆ చీకటిలో నాకది తలవంపుగానే తోచినది.

కారు 2004లో తయారైన మారుతి 800. 1983 డిసెంబరులో మొదటి బండి వెలువడిన నాటి నుండి 2014 జనవరిలో తయారీ నిలిచిపోవు వరకు, ఈ దేశపు మధ్యతరగతి వారికి కారు అను వస్తువును అలవాటు చేసినది ఆ చిన్న బండియే. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల ఇంజను. కొత్తదానిని కొను స్తోమతు నాకెన్నడును లేదు. నర్సీపట్నములో ఒక ఉద్యోగి అమ్మజూపగా పాతదానినే కొన్నాను.

అది నా ఒక్కని సుఖమునకైనచో ఇంత వ్రాయవలసిన పనియే లేదు. బస్సులున్నవి, ఆటోలున్నవి. కాని మా వీధిలో కారు నాదొక్కటే. గడచిన శ్రావణములో ఒక రాత్రి మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు పిల్లవానిని పాము కరచినది. 108 వాహనము 2005 నుండి రాష్ట్రములో తిరుగుచున్నది, దానివలన బ్రదికిన వారికి లెక్క లేదు. అయినను ఆ రాత్రి జడివాన. కొండకింది ఆ పల్లెలో ఫోను పలుకలేదు. పిల్లవాని తండ్రి వానలో పరుగెత్తివచ్చి నా తలుపు తట్టినాడు. వెనుక సీటులో తల్లి ఒడిలో పిల్లవానిని పరుండబెట్టుకొని నర్సీపట్నము ఆసుపత్రికి చేర్చినాము. బ్రదికినాడు. ఇప్పుడు వాడు ఆ కారును 'మన బండి' అనును, నేను దిద్దలేదు.

కొండ మీద ఇంజను ఆగిన నాడు వెనుక సీటు ఖాళీ. శ్రావణములో ఆగవలసినది మార్గశిరములో ఆగినది, అంతే. ఈ తలపు నన్ను చాలనాళ్లు విడువలేదు.

లారీవాడు త్రాటితో లాగి బండిని తెచ్చి మా పెరటి చింతచెట్టు క్రింద విడిచిపోయినాడు. మరునాటి నుండి ఆ చెట్టు క్రింద సభ మొదలైనది. మన ఊళ్లలో మనిషికి జబ్బు చేసినను బండికి జబ్బు చేసినను సలహాకు కరవుండదు. విశాఖపట్నములో ఉద్యోగము చేయు మా అబ్బాయి ఫోనులో, "ఇనుపసామాన్ల వాడికి ఇచ్చేయండి నాన్నా, ఇరవై ఏళ్ల బండికి ఇంకా ఇంజనా?" అన్నాడు. మా బావమరిది, "కొత్త ఇంజను వేయించెయ్యి బావా, మళ్లీ ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. అతడు ఖర్చు పెట్టవలసినవాడు కాడు. పదవ తరగతి పిల్లలు మాత్రము నా మనసులోని మాటనే బయటికి అన్నారు: "మనమే మార్చేద్దాం మాస్టారూ! ఎలా మార్చాలో ఫోన్లో వీడియోలున్నాయండి."

నిజము చెప్పవలెనన్న, ఆ మాటకు నా అహము కొంత ఉబ్బినది. ముప్పది ఏండ్లకు దగ్గరగా భౌతికశాస్త్రము చెప్పుచున్నాను. నాలుగు ఘాతముల ఇంజనును నల్లబల్ల మీద వేయని సంవత్సరము లేదు. చూషణము, సంపీడనము, దహనము, నిష్కాసము అని పిల్లలచేత వల్లె వేయించినాను. కాని ఇన్నేండ్లలో ఒక్క నిజమైన పిస్టనును చేత పట్టి చూచినవాడను కాను. ఇంత సిగ్గుచేటు సంగతి పత్రికలో వ్రాసికొనుట ఎందుకనగా, ఇది చదువు ఉపాధ్యాయులలో నావంటివారు మరి కొందరైన ఉందురని నా నమ్మకము.

పిల్లలకు ఆదర్శముగా నేను తరచు చెప్పు పేరు ఒకటి ఉన్నది. కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామమున 1893లో తెలుగు మాటలాడు కుటుంబములో పుట్టిన జి. డి. నాయుడు. బడిచదువు ఆయనకు వంటబట్టలేదు. ఒక ఆంగ్ల అధికారి వద్దనున్న రడ్జ్ మోటారు సైకిలును చూచి మోహపడి, హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి దానిని కొన్నాడు. కొన్నది ఎక్కి తిరుగుటకు కాదు. మరకు మర విప్పి, తిరిగి బిగించి, అది ఎట్లు నడచునో తెలిసికొనుటకు. 1920లో పొల్లాచ్చి పళనిల నడుమ ఒక్క బస్సుతో వ్యాపారము మొదలిడి, తరువాత పెద్ద రవాణా సంస్థకు అధిపతియైనాడు. 1937లో ఈ దేశములో తయారైన మొదటి విద్యుత్ మోటారు వెలువడుటలో ఆయన చేయి ఉన్నది. కోయంబత్తూరులో 1945 నాటి ఇంజనీరింగు విద్యాలయ స్థాపనకు ఆయన ఇచ్చిన విరాళము ఆధారమైనది. విప్పి చూచినవాడే విద్వాంసుడు అనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

అయితే ఆ కథలో నేను ఇన్నాళ్లు గమనింపని సంగతి ఒకటి ఉన్నది. ఆయన విప్పినది నడచుచున్న బండిని. చెడిన దానిని కాదు. బిగించిన తరువాత నడువకపోయినచో తప్పు తనదేనని ఆయనకు తెలియును. చెడిన ఇంజనును విప్పినవానికి ఆ వెసులుబాటు లేదు. పాత తప్పు ఏదో, తాను చేసిన కొత్త తప్పు ఏదో వేరుచేయుట కష్టము. పైగా మోటారు సైకిలు మీద ఎక్కినవాడు ఆయన ఒక్కడే.

అందుచేత ఇంజను మార్చుటకు ముందు, ఇంజను నిజముగా చచ్చినదా అను ప్రశ్నకు జవాబు కావలెను. చాల ఇంజన్లు చావకయే సమాధి చేయబడుచున్నవి. కృష్ణదేవిపేట నుండి వచ్చిన మేస్త్రి, అరువది దాటిన మనిషి, నాకు మొదటి పాఠము చెప్పినాడు. ఆయన మొదట పానా ముట్టలేదు. నూనె కొలుచు కమ్మిని బయటికి లాగి దాని కొనను వ్రేలితో రాచి చూచినాడు. తల అతుకు కాగితము, అనగా హెడ్ గ్యాస్కెట్, చీలిపోయి నీరు నూనెలో కలిసినచో ఆ నూనె చిక్కని మజ్జిగవలె తెల్లబడును. అంతమాత్రమే అయినచో ఇంజను మార్చనక్కరలేదు. తల విప్పి, వంకర పోయినదేమో చూచి, లేత్ మిషను వారిచేత చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసిన చాలును. చాల ఇంజన్లకు మొండెము పోత ఇనుము, తల అల్యూమినియము. వేడికి అల్యూమినియము ఇనుముకంటె ఇంచుమించు రెట్టింపు వ్యాకోచించును. లోహముల వ్యాకోచ గుణకముల పట్టికను పిల్లలచేత కంఠస్థము చేయించినవాడను. ఆ రెండు అంకెల నడుమ ఒక గ్యాస్కెట్ నలిగిపోవునని నాకు ఆనాడు తెలిసినది.

నా బండి నూనె తెల్లబడలేదు. నల్లగానే ఉన్నది. మేస్త్రి ముఖము చిన్నబోయినది. క్రాంకు చివరనున్న బోల్టుకు పానా తగిలించి త్రిప్పినాడు; అర చుట్టు తిరిగి టక్కున ఆగినది. అడుగునున్న నూనె తొట్టిని విప్పి, ఆ నూనెను ఎండలో పళ్లెములో పోసి చూపినాడు. అందులో సన్నని రజను బంగారపు పొడివలె మెరసినది. "బేరింగులండి మాస్టారూ. అరిగి పొడైపోయాయి. క్రాంకు కూడా గీసుకుపోయుంటాది. ఇక దీన్ని బతికించడం కన్నా వేరేది ఎక్కించుకోడమే మేలండి."

చచ్చినదని తేలినది. ఎందుకు చచ్చినదో తేలలేదు. ఈ రెండవ ప్రశ్నను అడుగకుండ కొత్త ఇంజను బిగించువారు, కారణము తెలిసికొనక మరల మరల మందు మార్చు వైద్యునివంటివారు. వేడి ఏల పెరిగినది? రేడియేటరు క్రింది భాగమున, ఫ్యాను వైపు, వెంట్రుకవంటి చీలిక ఒకటి కనబడినది. ఆగి ఉన్నప్పుడు చుక్క పడదు, వేడెక్కి ఒత్తిడి పెరిగినపుడే నీరు చిమ్మును. నేను ప్రతి ఆదివారము చల్లని ఇంజను మీద నీరు చూచి తృప్తిపడుచుంటిని. చల్లని వేళ అన్నియు సరిగానే ఉండును. ఆ రేడియేటరునే ఉంచి కొత్త గుండెను అమర్చినచో అది కూడ మరునాటి శ్రావణమునకు ముందే ఆగియుండెడిది. రేడియేటరు, రబ్బరు గొట్టములు, థర్మోస్టాటు, నీటి పంపు, ఈ నాలుగును ఇంజనుతోపాటు మారవలెనని ఆనాడే కాగితము మీద వ్రాసికొన్నాను. వాటి ఖర్చు కలుపక ఇంజను ధర ఒక్కటే చూచి నిర్ణయించువాడు లెక్క తప్పినట్లే.

ఇక డబ్బు లెక్క. ఇరువది ఏండ్లు దాటిన బండికి ఇంత పెట్టవచ్చునా అన్నది మా అబ్బాయి వాదము. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. సొంత కారు నమోదు పదునైదు ఏండ్లకు ముగియును. పిమ్మట పరీక్ష చేయించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. నాది 2024లో రెండవసారి పొడిగించినది, 2029 వరకు చెల్లును. అనగా పెట్టుచున్న డబ్బు ఇరువది ఏండ్లకు కాదు, ఉన్న గడువునకే అని భావించి చూడవలెను. బండి అడుగుభాగము తుప్పుపట్టి చిల్లులు పడియుండిన అబ్బాయి మాటయే వినియుందును. మేస్త్రి సుత్తి పిడితో అడుగంతయు తట్టి చూచినాడు. తీరమునకు దూరముగా, కొండగాలిలో బ్రదికిన బండి గనుక ఇనుము గట్టిగానే ఉన్నది. ఇంజను, రేడియేటరు, కూలి కలిపిన మొత్తము, అదే గడువు నిలుచునని నమ్మి వేరొక పాత బండిని కొనుటకంటె చాల తక్కువ. అదియును గాక, కొత్తగా కొను పాత బండి జబ్బులు నాకు తెలియవు. దీని జబ్బులన్నియు తెలియును.

పిల్లలు విడువలేదు. "మనమే" అన్న మాటను వారు గట్టిగా పట్టుకొన్నారు. నేను చిన్ననాట చూచిన అంబాసిడర్ కారు జ్ఞాపకము వచ్చినది. 1950ల చివర వచ్చి 2014 మేలో ఉత్తరపార కర్మాగారములో తయారీ ఆగిపోయిన ఆ బండికి మూత ఎత్తిన, ఇంజనుకు ఇరువైపుల ఒక మనిషి కాళ్లు పెట్టుకొని నిలువదగిన చోటు ఉండెడిది. 1489 ఘన సెంటీమీటర్ల ఆ పాత ఇంజనును రోడ్డు ప్రక్కనే విప్పి బిగించిన డ్రైవర్లు మన జిల్లాలలో ఎందరో ఉండిరి. అది మొరటు బండి. కాని తన లోపలి సంగతిని దాచని బండి. నేటి కార్లు అట్లు కావు. కంప్యూటరు అనుమతి లేనిదే ఇంజను పలుకదు. కొన్న వస్తువును బాగు చేయించుకొను హక్కు కొన్నవానికి ఉండవలెనన్న వాదము లోకమంతట బయలుదేరినది. మన కేంద్ర ప్రభుత్వము కూడ 2022 డిసెంబరులో ఆ హక్కునకై ఒక అంతర్జాల వేదికను తెరచినది. నా మారుతి ఈ రెండు కాలములకు నడుమనున్నది. ఇంజను చిన్నది, దింపుట సాధ్యము. కాని పెట్రోలును చిమ్ము ఏర్పాటు, దానికి సంకేతములిచ్చు తీగెలు, వాటిని నడపు పెట్టె, ఇవన్నియు ఉన్నవి.

ఈ తర్జనభర్జనల నడుమ మేస్త్రి ఒక సాయంకాలము టీ త్రాగుచు తన కథ ఒకటి చెప్పినాడు. పని నేర్చుకొను రోజులలో ఒక జీపు ఇంజను తల విప్పినాడట. గాలి పోవు రంధ్రములో దుమ్ము పడకుండ గుడ్డపేలిక కుక్కినాడు. మంచి పనియే. బిగించునపుడు దానిని తీయుట మరచినాడు. బండి స్టార్టయినది, కొంతసేపు బాగుగనే తిరిగినది, పిమ్మట ఆ పేలికను ఇంజను మ్రింగినది. "నీళ్ల గొట్టం వదులుగా బిగిస్తే అదే చెప్తాదండి, కిందకి కారి. ఆ గుడ్డముక్క మాత్రం చెప్పలేదండి. చెప్పని తప్పులే మా పనిలో పెద్ద తప్పులండి మాస్టారూ."

ఈ మాటతో నా చిక్కు విడిపోయినది. 'స్వయముగా మార్చవలెనా, మేస్త్రిచేత మార్పించవలెనా' అని నేను ఒకే ప్రశ్నగా అడుగుచుంటిని. ఇంజను మార్చుట ఒక పని కాదు, నలుబది పనుల మూట. తనంత తాను బయటపడు తప్పుగల పనులు కొన్ని: నీటి గొట్టములు, బ్యాటరీ తీగెలు, గాలివడపోత, రేడియేటరు, సైలెన్సరు గొట్టము. వీటిలో తప్పినచో కారును, చప్పుడగును, లేదా స్టార్టు కాదు, దిద్దుకొనవచ్చును. దాగియుండి, నెలల తరువాత కొండ మలుపులో మాత్రమే పలుకు తప్పుగల పనులు మరికొన్ని: ఫ్లైవీలు బోల్టుల బిగింపు, క్లచ్చు అమరిక, టైమింగు బెల్టు గుర్తులు, ఇంజనును పట్టియుంచు మౌంటింగులు, చక్రములకు శక్తినిచ్చు ఇరుసుల చివరి నట్లు. మొదటివి మావి. రెండవవి వందలసార్లు చేసిన చేతివి.

1888లో బెర్తా బెంజ్ అను జర్మను వనిత, భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండ, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా కారు నడపినది. లోకములో తొలి దూరప్రయాణమదే. పెట్రోలు గొట్టము పూడుకొనిపోగా తన టోపీ సూదితో పొడిచి తెరచినదని పిల్లల పుస్తకములలో ఆమెను మెచ్చుకొందురు. మిగిలిన సగము కథను ఎవరును అంతగా చెప్పరు. గొలుసు చెడినపుడు ఆమె కమ్మరి వద్దకు పోయినది. బ్రేకు అరిగినపుడు చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించినది. సూదితో అగు పని సూదితో చేసినది, కొలిమి కావలసిన చోట కొలిమిని వెదకినది. అప్పటికి మెకానిక్ అను వృత్తియే లేదు. అయినను తనది కాని పని ఏదో ఆమెకు తెలిసినది.

ఇంజనుకై విశాఖపట్నమునకు, గాజువాక ఆటోనగరునకు పోయినాము. పాత ఇంజన్లు గోనెసంచుల మీద వరుసగా కూర్చున్న దుకాణములో మొదట చూపినది చూచుటకు అందముగానున్నది, కొత్తగా రంగు పూసినారు. మేస్త్రి రంగును చూడలేదు. ప్లగ్గులు విప్పించి, ఒత్తిడి కొలుచు గడియారమును ఒక్కొక్క రంధ్రమునకు బిగించి, ఇంజనును బ్యాటరీతో త్రిప్పించినాడు. మూడు సిలిండర్ల ఒత్తిడి ఇంచుమించు సమానముగా ఉండవలెను. పదింట ఒక వంతు తేడా వచ్చిన అనుమానింపవలెను. ఒకటి తక్కువ చూపినది. ఆ రంధ్రములో చెంచాడు నూనె పోసి మరల కొలిచినాడు. ఒత్తిడి పెరిగినచో అరిగినవి రింగులు, ఎందుకనగా నూనె ఆ సందును తాత్కాలికముగా పూడ్చును. పెరుగకున్న దోషము వాల్వులది. పెరిగినది. "దీనికి రంగు వేసింది అందుకేనండి" అని నా చెవిలో అన్నాడు. ఇంత చక్కని ప్రయోగము మన పదవ తరగతి పుస్తకములో ఏల లేదో నాకు తెలియదు.

రెండవ దుకాణములో ఇంజను మంచిదే. కాని అమ్మువాడు రసీదు ఇయ్యననెను. మేస్త్రి, "ఎవరు చూస్తారండి?" అన్నాడు. ఇక్కడ మాత్రము నేను ఆయన మాట వినలేదు. బండి నమోదు పత్రములో ఛాసిస్ సంఖ్యతోపాటు ఇంజను సంఖ్య కూడ ఉండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, పత్రములో ఉన్నదానికి భిన్నముగా బండిని మార్చుటకు వీలులేదు. చేసిన మార్పు ఏదైన రవాణా అధికారికి తెలిపి పత్రములో ఎక్కించుకొనవలెను. అదే తయారీ, అదే రకము ఇంజను కావలెను. రసీదు లేని ఇంజను ఏ దొంగిలించిన బండిలోనిదో ఎవరికి తెలియును? ఏదైన ప్రమాదము జరిగి బీమా వారు సంఖ్యలు సరిచూచిన దినమున, 'ఎవరు చూస్తారు' అన్న మాట ఎవరికిని అక్కరకు రాదు. మూడవ దుకాణములో ఒత్తిడియు సరిపోయినది, రసీదును దొరకినది. ధర కొంచెము ఎక్కువ. ఇచ్చినాను. కార్యాలయములో దరఖాస్తు పెట్టుకొనుటకు పట్టిన రోజులలో ఇంజను మా వరండాలో పాత దుప్పటి కప్పుకొని పడియున్నది. ఇంటిలోనివారు దానిని చుట్టమువలె చూచుటకు అలవాటుపడినారు.

పుష్యములో ఒక శనివారము పని మొదలైనది. చింతకొమ్మకు గొలుసు కప్పీ వేలాడదీయుదమని పిల్లల ఉత్సాహము. చింతకొమ్మ గట్టిదే, కాని ఎండిన కొమ్మ ఏదో పచ్చి కొమ్మ ఏదో బరువు పడిన తరువాతనే తెలియును. మేస్త్రి నర్సీపట్నము నుండి ఇనుప గొట్టముల ముక్కాలిని అద్దెకు తెప్పించినాడు. నేను రెండు నిబంధనలు విధించినాను. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి క్రింద ఏ ఒక్కడును తల పెట్టరాదు. దిమ్మెలు వేసిన తరువాతనే. ఇంజను గొలుసుకు వ్రేలాడుచున్నంతసేపు దాని క్రింద చేయి కూడ పోరాదు. బ్యాటరీ తీగె మొదట ఊడదీసినాము, పెట్రోలు గొట్టములోని ఒత్తిడిని తగ్గించినాము, చుట్టుపట్ల బీడీ త్రాగువారిని పంపివేసినాము.

తీగెల పని పిల్లలది. విప్పిన ప్రతి తీగెకును ఒక చీటి కట్టి, దానికి సంఖ్య వేసి, నోటుపుస్తకములో బొమ్మ గీసినారు. ఇరువది ఏడు చీటీలు. గొట్టములు నావి. అవి వేడికి బిగుసుకొనిపోయి రావు. రెండు వ్రేళ్ల చర్మము లేచిపోయినది. పాత ఇంజను పైకి లేచి గాలిలో ఊగినపుడు ఎవరును మాటలాడలేదు. అంత చిన్నదా అనిపించినది. దానితోనే పదేండ్లు ఆ కొండలెక్కినాను.

ఫ్లైవీలు బోల్టుల దగ్గర మేస్త్రికిని నాకును చిన్న వివాదము కలిగినది. బిగింపును కొలుచు టార్క్ రెంచిని నేను పారిశ్రామిక శిక్షణ సంస్థలో పనిచేయు మిత్రుని వద్ద అడిగి తెచ్చినాను. మేస్త్రి దానిని చూచి నవ్వి, "మా చెయ్యే కొలతండి" అన్నాడు. ఆయన చేతితో బిగించినాడు. నేను రెంచితో సరిచూచినాను. ఆరు బోల్టులలో అయిదు సరిగా ఆ కొలతకే ఉన్నవి. ఆరవది కొంచెము తక్కువ. ఆయన నవ్వలేదు, నేనును నవ్వలేదు. బలమును దూరముచేత గుణించిన వచ్చునది బలభ్రామకమని పిల్లలకు అప్పుడు చెప్పినాను. అంతకు ముందు ఎన్నడును అంత నిశ్శబ్దముగా విన్న తరగతి నాకు దొరకలేదు. మిగిలిన దాగిన పనులన్నిటిని ఆయన చేసినాడు, నేను కొలిచినాను. ఆ రెంచిని మిత్రునికి తిరిగి ఇచ్చునపుడు, అట్టిది ఎంతకు దొరకునని మేస్త్రి అడిగినాడు.

ఆదివారము సాయంకాలమునకు అంతయు బిగిసినది. తాళము త్రిప్పినాను. ఇంజను తిరిగినది గాని అందుకొనలేదు. రెండవసారియు అంతే. మేస్త్రి నా వైపు చూచినాడు, నేను పిల్లల వైపు చూచినాను. పిల్లలు నోటుపుస్తకము తెరచి చీటీలు లెక్కపెట్టినారు. ఇరువది ఆరు. ఇరువది ఏడవ తీగె, ఇంజను మొండెమునకు తగిలించవలసిన భూతీగె, గేరుబాక్సు వెనుక వ్రేలాడుచున్నది. పాము కరచి బ్రదికిన పిల్లవాడు టార్చి పట్టుకొని దానిని చూపినాడు. తగిలించి త్రిప్పగా ఒక్క దగ్గు దగ్గి అందుకొన్నది.

అబ్బాయికి ఫోను చేసి ఆ చప్పుడు వినిపించినాను. "బాగానే ఉంది నాన్నా, ముల్లు చూసుకుంటూ ఉండండి" అన్నాడు. మూడు వారములు నర్సీపట్నము దారినే, చదును నేల మీదనే నడపినాను. ప్రతి ఉదయము కమ్మి లాగి నూనె చూచినాను, ప్రతి రాకకు వేడి ఇంజనుతోనే బండిని నిలిపి రేడియేటరు క్రింద టార్చి వేసి చూచినాను. నాలుగవ వారము చింతపల్లి వైపు ఎక్కినాను, ఖాళీ సీటుతో. ఆ మలుపు దగ్గర ముల్లు సగములో నిలిచినది.

అధికారి వచ్చి చూచు దినమున ఇంజను మీది సంఖ్య సరిగా కనబడలేదు. నూనె మురికి పట్టియున్నది. పిల్లవాడు గుడ్డతో తుడిచి, దాని మీద పలుచని కాగితము పరచి, పెన్సిలుతో అడ్డముగా రాచినాడు. అంకెలు ఒక్కొక్కటిగా తెల్లగా పైకి తేలినవి. ఆ కాగితమునే దరఖాస్తుకు జతచేసినాము.